ఖాళీ గడి

బండమీదిపల్లిల బస్సు దిగి
రాయచూరు రోడ్డు దాటి ఉరికొచ్చినా
సెమినార్ హాల్ల వెనక బెంచే దొరికింది.
రెండో స్లైడుకే కరెంటు పోయింది.
నుస్రత్ మేడం నవ్వి, చున్నీ నడుముకు చెక్కి
"సుద్దముక్క ఉందా?" అన్నది.
నర్సింలు సార్ జేబుల నుంచి సగం ముక్క తీసిచ్చిండు.
ఆ జేబు ఇరవై ఏండ్లుగా అందుకే ఉన్నట్టుంది.

బోర్డు మీద పట్టిక గీసింది.
అంకెల నడుమ అక్కడక్కడ ఖాళీ గళ్లు.
"నా జీతమంతా ఈ లేనివాటి మీదనే" అన్నది.

లేకపోవుడు మూడు తీర్లంట.
ఒకటి, గాలికి కాగితం ఎగిరిపోయినట్టు, ఎవరి తప్పూ లేకుండ.
రెండోది, ఎందుకు పోయిందో పక్క గళ్లను అడిగితే చెప్పేది.
మూడోది,
ఇక్కడ సుద్ద ఆగింది,
కనబడాల్సిన విలువే తనను తాను దాచుకునేది.
ఎంత ఆకలని అడగబోతే
ఆకలైనోళ్లే ఇంట్ల లేనట్టు.

శివలీల గబగబ రాసుకుంటుంది.
నా పెన్ను మాత్రం
దామరగిద్ద మండలంల మా బడి,
నాలుగో తరగతి హాజరు పట్టీకాడ నిలబడ్డది.

బసమ్మ, తండ్రి పేరు సాయిబన్న.
దీపావళి దాక నిండిన వరుస.
ఉగాది దాక గై, గై, గై.
ఆ గైలన్నీ భివండీల ఉన్నయి,
గుంపు మేస్త్రీ లారీల, ఇసుక కుప్ప మీద,
తమ్ముణ్ణి ఎత్తుకున్న నా చంకల.
అవ్వ మోసిన ఇటుకలు లెక్కపెట్టుడు నా పని.
తట్టకు పది. అంతస్తుకు ముప్పై ఆరు మెట్లు.
మేస్త్రీ లెక్కల రోజూ రెండు తట్టలు తక్కువొచ్చేటివి.
నేను ఊకోకపోయేది.
అప్పటిసంది అంకెలంటే కోపం, పావురం, రెండూ.

"ప్రశ్నలేమన్న ఉన్నయా?"
ఫ్యాను తిరగని నిశ్శబ్దం.
లేచిన. ఒక చెప్పు బెంచీ కిందికి జారిపోయింది.
"ఖాళీ గడిని ఊరి సగటుతోని నింపితే
ఊర్లె ఉన్నోళ్లే మళ్లొకసారి లెక్కకొస్తరు గద మేడం.
పోయినోళ్లు రెండుసార్లు పోతరు."

ఆమె జవాబు చెప్పలె.
సుద్ద పక్కన పెట్టి, చేతులు దులుపుకొని
"పీజీ అయినంక ఏం చేద్దామని?" అన్నది.
బీఈడీ అన్న. లేకుంటే గ్రూప్ ఫోర్.
మా వరుసల ఎవరిని అడిగినా అదే జవాబు,
దానికి సగటు తీసే పని కూడ లేదు.

మెట్ల మీద చాయ్ తాగుకుంట
ఆహ్వాన పత్రం వెనక రాసిచ్చింది:
ఏ పరీక్ష ఏ నెలల, పీహెచ్‌డీకి ఏ రెండు ఊర్లు,
స్టైపెండ్ ఎంత, ఎవరికి ఉత్తరం రాయాల్నో.
స్టైపెండ్ అంకె పక్కన
కూడిక కింద తీసివేత గుర్తు పెట్టి
"నమ్ము, కానీ పొరపాటుకు జాగ వదిలి నమ్ము" అన్నది.
అప్పటికి కరెంటొచ్చింది.
ఖాళీ హాల్ల రెండో స్లైడు ఒక్కటే వెలుగుతుంది.

బస్టాండు పక్క నెట్ సెంటర్ల
దరఖాస్తు పదకొండో ప్రశ్న:
చదువుల విరామాలుంటే కారణం,
యాభై అక్షరాలు దాటొద్దు.
"వదిలెయ్ అక్కా, ఎర్ర చుక్క లేదు,
నింపకున్నా తీసుకుంటది" అన్నడు రఫీక్.
వెనకాల నలుగురు లైన్ల ఉన్నరు.

భివండీ, అని కొట్టిన.
మూడక్షరాలు.
ఇంక నలభై ఏడు మిగిలినయి.