తొంభై సెకన్లు

ఎనుమాముల యార్డు కాంటాకాడికి నేను పోయేసరికి
ట్రాక్టర్ల వరుస గేటు దాటి రోడ్డెక్కింది.
మిర్చి బస్తాల మీద పండుకున్నోళ్లు
మూతికి తువ్వాల చుట్టుకొని
నా సంచి దిక్కు చూసిండ్రు, సూదిమందు వచ్చినట్టు.

"రాత్రి మంచిగనే ఉండె" అన్నడు హమాలీ మేస్త్రి సాంబయ్య.
అందరూ గదే అంటరు.
చెడిపోయిన ప్రతి మిషినూ రాత్రి మంచిగనే ఉంటది.

మూత ఇప్పిన.
ఫ్యాను రెక్కలకు రెండు సీజన్ల కారం.
నావి ఏడు తుమ్ములు, ఎనిమిదోది సాంబయ్యది.
ర్యామ్ పీకి, బడిపిల్లల రబ్బరుతోని అంచులు రుద్ది
మళ్ల కూసోబెట్టిన.
రూపాయి బిళ్లంత సెల్లు మార్చిన.
చేతికి తెలిసిన మందులన్నీ అయినయి.

అయినా అది అక్కడిదాకనే వస్తది.
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు
చెరువు మత్తడి కింద చేపపిల్లల లెక్క జరజర ఎగబాకి
ఒక్క లైనుకాడ ఆగుతయి.
ఓ ఎర్రచుక్క అటు ఇటు, అటు ఇటు,
ఎంజీఎం వరండల మనిషి తిరిగినట్టు తిరుగుతది.
పక్కన సెకన్ల లెక్క.
తొంభై నిండంగనే
ఎమర్జెన్సీ అని ఒక్క మాట అని
పాస్‌వర్డ్ అడిగి నోరు మూసుకుంటది.
ఆ పాస్‌వర్డ్ ఇక్కడ ఎవ్వరికీ ఎరుక లేదు.

"సచ్చిందా అక్కా?" కిటికీకెల్లి ఒక పిలగాడు.
"లేదు. ఎవరికోసమో చూస్తంది."
వాడు నవ్విండు.

నా పెన్‌డ్రైవ్‌ల ఒక లినక్సు ఉంటది,
పక్కింటి నిచ్చెన లెక్క.
అది ఎక్కి పెరటి గోడ దిక్కుకెల్లి ఈ ఇంట్లకు దిగిన.
ఇల్లు పదిలం. తూకాలన్నీ ఉన్నయి:
నర్సంపేట, పరకాల, మొగుళ్లపల్లి,
క్వింటాళ్లు, కిలోలు, తరుగు.
ఒక్క బస్తా ఎటూ పోలే.

ఎఫ్ఎస్‌ట్యాబ్ తెరిచిన.
పొద్దుగాల లేవంగనే ఎవరెవరిని పిలవాలెనో
మిషిను రాసిపెట్టుకున్న చీటీ అది.
మూడు పేర్లు. మూడోది
మూరెడు పొడుగు, అంకెలూ అక్షరాలూ కలిపి.
ఆ పేరుగల డిస్కు ఈ డబ్బాల లేదు.
నాలుగు స్క్రూ బొక్కలు, వేలాడే ఒక వైరు.
ఆ లైను నెత్తిన ఇంగ్లీషు అక్షరాలతోని తెలుగు:
ఐలయ్య పెట్టిన రెండో డిస్కు. ముట్టకుండ్రి.

సాంబయ్య దిక్కు చూసిన.
ఆయన కాంటా పలక దిక్కు చూసిండు.
"పోయినేడు కరెంటు పోయి ఒక దినం తూకాలన్నీ మాయమైనయి.
రైతులు కొట్టొచ్చిండ్రు. గప్పుడు తన పైసలతోని కొని పెట్టిండు.
బిల్లు ఇయ్యలే.
నిన్న పొద్దుమీకి కాంట్రాక్టు అయిపోయిందన్నరు.
తన సామాను తను ఇప్పుకున్నడు, అంతే అక్కా.
దొంగతనం గాదు."

ఆ లైను చివర నోఫెయిల్ అని ఒక్క మాట ఉండి ఉంటే
డిస్కు లేకున్నా మిషిను లేచేది.
ఐలయ్యకు ఆ మాట ఎరుక లేదా,
ఎరుకైనా రాయలేదా?
లేస్తే ఒక్కసారన్న, తొంభై సెకన్లన్న
తన కోసం చూడాలె అనుకున్నడా?
మనిషి మీద నాకు ఏ లాగ్ ఫైలూ దొరకలే.

లైను తుడిపెయ్యలే.
ముందర ఒక హ్యాష్ పెట్టిన.
పేరు అట్లనే ఉంటది, పిలవదు.
పెన్‌డ్రైవ్ గుంజి, బటన్ ఒత్తిన.
అక్షరాలు మత్తడి ఎక్కినయి, ఆ జాగ దాటినయి.
బయట ఎవరో ఈల ఏసిండ్రు, ఇంజన్లు ఒకదాని ఎనక ఒకటి దగ్గినయి.

మొదటి ట్రాలీ పలక మీదికెక్కింది.
ప్రింటరు కిర్రుమని చీటీ కక్కింది:
నలభై ఒక్క క్వింటాళ్ల ఇరవై కిలోలు.
కింద సన్నటి అక్షరాలతోని
తూకం చేసినవారు: ఐలయ్య.

సూపర్‌వైజరు చీటీ రెండుసార్లు చదివి నా దిక్కు చూసిండు.
బూటు కావాలన్నరు, చేసిన.
నేను సంచి సర్దుకున్న.