ఖాళీ గడి

మంగళవారం సాయంత్రాలు చర్చి నేలమాళిగలో
తడి మేజోళ్ల వాసన, మాడిన కాఫీ వాసన.
మడత కుర్చీలు వేసేది నేను,
తీసేదీ నేనే.
స్కౌటు దళానికి పద్దులు రాసే ముసలివాణ్ణి.
పేరు ఓర్విల్. మాది లూథరన్ ఇల్లు,
అని అందరికీ తెలుసు.

జనవరిలో వచ్చిందామె
బూట్ల మంచు గుమ్మం దగ్గర దులుపుకుంటూ.
పేరు డార్సీ. పక్కన పదకొండేళ్ల కొడుకు, ఆల్డర్.
నీటి ఒడ్డున పెరిగే చెట్టు పేరట.
కాగితం నింపుతూ నింపుతూ
'మతం' అన్న గడి దగ్గర కలం ఆపింది.
భయపడి కాదు, చోటు చాలక.
చివరికి ఒక్క మాట రాసింది: పేగన్.

హీటరు పక్కన కూర్చున్న గున్నార్ పెదవి విరిచాడు.
"దేవుడి పట్ల నా విధి నెరవేరుస్తానని
మూడు వేళ్లెత్తి చెప్పాలి కదా, ఈ కుర్రాడు
ఏ దేవుడికి చెప్తాడు?"
గదంతా కాఫీ కప్పుల్లోకి తొంగిచూసింది.
పిల్లాడే అందుకున్నాడు:
"ఒక్కరికే చెప్పాలా?"

నవ్వానో లేదో గుర్తులేదు.
నవ్వే ఉంటాను.

తర్వాత మతచిహ్నపు పతకం గొడవ.
కాగితం అడుగున గురువుగారి సంతకం కావాలి.
మీ గురువెవరమ్మా అని అడిగాను.
"మా ఇంట్లో ఆ పని వంతులవారీగా చేస్తాం,
ఈ నెల వంతు వీడిదే" అంది,
అంట్లు తోమే వంతు గురించి చెప్పినట్టు.
అది ఎక్కించుకునే గడి
నా పద్దుల పుస్తకంలోనూ లేదు.

గున్నార్ చెడ్డవాడు కాడు.
తుఫాను రాత్రి డార్సీ వాకిట్లో మంచు తోసింది
అతని ట్రాక్టరే.
ఓటు మాత్రం వద్దనే వేశాడు.
నేను ఎటూ వెయ్యలేదు.
లెక్కపెట్టేవాణ్ణి కదా, అని తప్పుకున్నాను.

ఫిబ్రవరి శిబిరం. గడ్డకట్టిన సరస్సు ఒడ్డు.
తెల్లవారుజామున గుడారాల తాళ్లు కర్రల్లా బిగిశాయి.
పొయ్యి మీద ఓట్ల జావ ఉడికింది.
అందరూ గిన్నెల మీద పడ్డారు.
ఆల్డర్ మాత్రం తొలి చెంచా పట్టుకుని
స్ప్రూస్ చెట్టు మొదట్లోకి నడిచి
మంచు మీద పెట్టి వచ్చాడు.
ఏ మంత్రమూ లేదు. ముక్కు తుడుచుకుని తిన్నాడు.
మొదటి రోజు కిసుక్కుమన్న థాడియస్
మూడో రోజు మెల్లగా అడిగాడు:
"నాది కూడా పెట్టనా?"

అప్పుడు నాకు నానమ్మ కనబడింది.
క్రిస్మస్ ముందు రాత్రి, కొట్టంలో లాంతరు,
గిన్నెలో జావ, మధ్యలో కరుగుతున్న వెన్నముద్ద.
గొడ్లను కాసే చిన్నాయనకిరా,
పాస్టరుగారితో అనకు, అంది.
అరవై నాలుగేళ్లు అనలేదు.
ఒక ఏడు ఆ వెన్న నేనే నాకేశాను.
వసంతం వచ్చేదాకా
కొట్టానికి వీపు చూపించి నడవలేదు.

ఆ సాయంత్రం కాగితం మోకాలి మీద పరిచాను.
కలంలో సిరా గడ్డకట్టింది.
ఆల్డర్ దాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబరిచి
గురువు గడిలో తన పేరు తనే రాశాడు,
ఆఖరి అక్షరం గీత దాటిపోయింది.
దాని కింద స్కేలుతో ఇంకో గడి గీశాను నేను.
'సాక్షి' అని రాసి సంతకం పెట్టాను.
అచ్చు కాగితంలో అలాంటి గడి లేదు.

ప్రధాన కార్యాలయం నుంచి జవాబు రాలేదింకా.
మొన్న మంగళవారం ఇరవై మూడు కుర్చీలు వేశాను,
ఆల్డర్ కుర్చీతో కలిపి.

ఇంటికొచ్చి జావ కాచుకున్నాను, ఒక్కణ్ణికి కాస్త ఎక్కువే.
వెన్న బాగానే వేశాను.
కొట్టం ఎప్పుడో కూలింది,
అయినా గిన్నె పట్టుకుని వెనక తలుపు తీశాను.
రోడ్డు మీద గున్నార్ ట్రాక్టరు వెలుతురు వస్తోంది.
దీపం ఆర్పేసి
అది దాటిపోయేదాకా
చీకట్లో నిలబడ్డాను.