పెంచలయ్య, బెంజలయ్య

రేషన్ కార్డులో మా నాయన బెంజలయ్య.
ఆధార్‌లో పెంచలయ్య.
కార్పొరేషన్ గుర్తింపు కార్డులో
చివర ‘య్య’ రాలిపోయి ఉత్త పెంజలై.
తమిళంలో ‘ప’కీ ‘బ’కీ ఒకటే అక్షరం,
ఆ గుమాస్తాల తప్పేం లేదు.
కోనలో ఉన్న పెంచలస్వామే
మద్రాసుకొచ్చి క్యూలో నిలబడితే
ఏ పేరుతో తిరిగి వెళ్ళేవాడో.

జర్మనీ వాళ్ళకి మాత్రం
ముగ్గురూ ఒక్కడేనని
ముద్రకాగితం మీద ప్రమాణం చేసి చెప్పాలి.
హైకోర్టు ఎదురుగా, గొడుగు కింద, నోటరీ
“ముగ్గురిలో అసలు మనిషెవరమ్మా” అన్నాడు.
నాయన చెయ్యెత్తాడు,
బళ్ళో హాజరు పిలిచినట్టు.

మూడు నెలలు
రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని
అపాయింట్‌మెంట్ కోసం ఫోను గీకాను.
పుళియంతోపులో మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన
సిగ్నల్ తగిలేది. దోమలూ అక్కడే.
ఒక బుధవారం
పచ్చటి గడి ఒకటి తెరుచుకుంటే
వేలు వణికి పక్కది నొక్కాను.
ఏదో అదృష్టం, అదీ పచ్చదే.

ఫొటో తీసే మణిమారన్ అన్న
“పళ్ళు కనపడకూడదు, చెవులు కనపడాలి” అన్నాడు.
ముప్పై ఐదుకి నలభై ఐదు మిల్లీమీటర్లలో
ఎవరిదో కేసులో సాక్షిలా ఉన్నాను.

బ్లాక్డ్ అకౌంట్ అంటే ఏందని అడిగింది అమ్మ.
“డబ్బు మనదే. మనం ముట్టుకోకూడదు.”
అమ్మ నవ్వింది.
ఆ మాట ఆమెకు కొత్తేం కాదు.

ఈ కోర్సే ఎందుకు?
రెండు పేజీలకు మించకుండా రాయమన్నారు.
పట్టణ మురుగునీటి నిర్వహణ.
సుస్థిర అభివృద్ధి అని రాశాను, సమగ్ర విధానం అని రాశాను,
ఎక్కడ పెట్టినా అతుక్కునే మాటలు.
గడప బయట రెండు బకెట్ల గురించి రాయలేదు.
మొదటిది ఒంటి మీద ఖాళీ అయ్యేదాకా
నాయన నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు.
ఏసోబు బాబాయి దిగి
మళ్ళీ ఎక్కిరాని మధ్యాహ్నం గురించి రాయలేదు.
పన్నెండడుగుల లోతులో
ఊపిరికి సరిపడా గాలి ఎందుకు లేదో
ఆ రోజు ఎవరూ లెక్కగట్టి చెప్పలేదు.
నాకు ఆ లెక్క కావాలి.
ఫారంలో దానికి గడి లేదు.

ఇరవై తొమ్మిది సి బస్సు దిగి
నుంగంబాకంలో ఎండలో నిలబడ్డాం.
బ్యాగు లోపలికి రానివ్వరు, ఫోనూ రానివ్వరు,
నాయననూ రానివ్వరు.
మూడూ కలిసి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాయి.

లోపల, గాజు పలక మీద
ఎడమ నాలుగు, కుడి నాలుగు, బొటనవేళ్ళు రెండు.
మిషన్ ఒక్కసారికే పచ్చగా వెలిగింది.
రేషన్ షాపులో నాయన వేలు పెడితే
తుడుచుకో, మళ్ళీ పెట్టు, ఇంకో వేలు పెట్టు అంటారు.
ఆ గీతలన్నీ బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడో తినేసింది.
గాజు మీద నా వేళ్ళని
కాసేపు అట్లాగే ఉంచాను.
“చాలండీ, తీసేయండి” అందా అమ్మాయి
రెండోసారి.

బయటికొస్తే
నాయన బ్యాగుని ఒళ్ళో పెట్టుకుని
రోడ్డు మధ్య ఇనుప మూతని చూస్తున్నాడు.
“ఇది కూవం దిక్కు పోతాదని అందరూ అనుకుంటారు.
పోదు. ఎనక్కి తిరిగి
ఆ మందుల షాపు కాడ పెద్ద లైన్లో కలుస్తాది.
తొంభై ఎనిమిదిలో దిగినా నేను.”
వీసా ఆఫీసు వాచ్‌మన్
కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

“ఏమన్నారు?”
“ఎన్ని వారాలో చెప్పలేమన్నారు.”
“సరే, పోతే,
ఆడ మూతలు ఎట్టుంటాయో ఫొటో పెట్టు.
గుండ్రంగానా, పలకగానా.”
బస్సు రాలేదు. నీళ్ళ సీసా మూత తిప్పుతూ
ఇంకేదో గుర్తొచ్చినట్టు ఆగాడు.
“బరువు కూడా కనుక్కో.
ఒకడు ఎత్తగలడా,
పైన ఇంకొకణ్ణి ఉంచుతారా అని.”