దూడకు తెలిసిన బుధవారం

దెబ్రె బిర్హాన్‌లో తెల్లవారడమంటే
చలి ముందు లేచి, ఆ తర్వాత మనిషిని లేపడం.
వర్కినెష్ లేస్తుంది.
తెల్ల నెతెలా తలమీదుగా లాక్కుని
గోడవైపు తిరిగి నిలబడుతుంది.
గోడకి మరియమ్మ పటం,
దాని వెనక పాల లెక్కల కాగితం,
రెంటికీ ఒకటే మేకు.

ప్రభువా కనికరించు, అంటుంది
నలభై ఒక్కసార్లు,
వేళ్ల కణుపులమీద ఎంచుకుంటూ.
పదిహేడో పద్దెనిమిదో దగ్గర ఆవు అరుస్తుంది.
కొత్తలో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది,
ఆవూ మళ్లీ మొదలుపెట్టేది.
ఇప్పుడు ఆ అరుపునీ ఒకటిగా కలిపేసుకుని
ముందుకు పోతుంది.

మోకాళ్లమీద ఉంటేనే ప్రార్థన అనుకున్న రోజుల్లో
ఆమెకి మోకాళ్లు బాగుండేవి.

ఇవాళ బుధవారం. ఒక్కపొద్దు.
ఊళ్లో చాలా పొయ్యిలమీద వెన్న కరగదు.
పాలు, గుడ్డు, మాంసం ఊసెత్తరు.
తొమ్మిదో గంటదాకా గుటక కూడా మింగనివాళ్లున్నారు.
అక్కడి గంటలు పొద్దుతోపాటే పుడతాయి.
తొమ్మిదంటే మన మధ్యాహ్నం మూడు.

ఆవుకి మాత్రం వారాలు లేవు.
ఎప్పట్లాగే పొదుగు నింపుకొచ్చి
వెచ్చగా నిలబడింది.
వర్కినెష్ పిండింది.
నలభై ఏళ్ల అలవాటు, చిటికెనవేలు పాలలో ముంచింది,
విరిగాయో లేదో చూడటానికి
నాలికమీద పెట్టుకుంది.

ఉమ్మాలా మింగాలా అనుకునేలోపు
గొంతు తన పని తను చేసేసింది.

కాన్పుకి ముందురోజు కూడా తప్పని ఒక్కపొద్దు.
దెస్తాని మట్టిలో పెట్టిన వారం తప్పనిది.
వడగళ్లు బార్లీని నేలకి కుట్టేసిన ఏడాది
ఆకలే ఉపవాసం, ఉపవాసమే ఆకలి.
ఏది ఎవరి పేరున రాయాలో తెలియక
మొత్తం దేవుడి పేరునే రాసేసింది.
అలాంటిది,
ఒక వేలు.

సెలాసే గుడి గడప రాయికి ముద్దుపెట్టి లోపలికెళ్లింది.
అబ్బా సెన్‌బెతు గోడవార ఎండలో కూర్చున్నాడు,
చేతికర్రమీద గడ్డం ఆనించుకుని,
ఒక కంట్లో పొర.
"నాయనా, వేలు నాకాను."
ఆయన ఈగని తోలుకున్నాడు.
ఇంకో ఈగని తోలుకున్నాడు.
"రుచిగా ఉన్నాయా?"
"...ఉన్నాయి."
"ఇన్నేళ్లలో ఎప్పుడైనా ఎరుగుదువా ఆ రుచి?"

కొలిచింది. కాచింది. అరువిచ్చింది.
నీళ్లు కలిపావని ఎవరో అంటే తగువుపెట్టుకుంది.
రుచి చూసిన గుర్తు లేదు.

"వెళ్లు. శుక్రవారం సరిగ్గా చెయ్యి.
ఆ రుచి ఎవరికి బాకీ ఉన్నావో కూడా చూసుకో."

ఏడో గంటకి ఆకలి ఎవరో తెలిసినవాళ్లలా వచ్చి
గుమ్మంలో కూర్చుంటుంది.
పక్కింటి షిరో వాసన దానికి తోడు.
దాన్ని కసరదు, రమ్మనదు.
క్యాను తోముతూ, బూడిద అరిచేతికి రాసుకుంటూ
ప్రభువా, అంటుంది.
కనికరించు, అన్నది కొన్నిసార్లు
నీళ్ల చప్పుడులో కలిసిపోతుంది.
ఆయన ఏరుకుంటాడులే.

శుక్రవారం పెద్ద క్యాను మేకుమీదే ఉండిపోయింది.
కొనేవాళ్లు ఎటూ తక్కువ. వెన్నకైతే నిన్నటివే చాలు.
దూడ గుంజ దగ్గర ఉంది,
రోజూ ఒక్క చన్ను వాటాకి అలవాటుపడ్డ దూడ,
రెండు గుటకలకే మెడ పట్టి లాగేస్తారని తెలిసిన దూడ.
వర్కినెష్ పలుపు విప్పింది.
విప్పి, ఊరికే నిలబడింది.

దూడ తాగుతూ ఒకసారి ఆగి వెనక్కి చూసింది,
ఇంకా ఎవరూ లాగడం లేదేమని.
మూతినిండా నురగ.
మళ్లీ కుమ్మింది పొదుగుని, ఈసారి గట్టిగా.
వర్కినెష్ కడుపు నకనకలాడింది.
చిటికెనవేలు నెతెలాకి తుడుచుకుంది,
దానికేమీ అంటకపోయినా.

ఇప్పుడు మూడు నెలలైంది.
క్యాను మూత చప్పుడు వినపడని పొద్దులు
దూడకి తెలుసు.
ఆమె ముప్పైయ్యో ముప్పైరెండో అంటుండగా
అది అప్పటికే లేచి
పలుపుని గుంజుతుంటుంది.