దీపాల గది

బల్లార్షా బొగ్గుబాయి జట్టుల
బ్రెజిల్ ఓదెలంటే ఎనిమిదో నంబరు.
పసుపు నీళ్ళల్ల ముంచిన బనీను.
వాన పడ్డనాడు మెడంతా పెండ్లికొడుకు రంగు.

పద్నాలుగేండ్లు ఆడిండు, రెండే గోల్లు.
ఒకటి నా మీదికే.
నేను మనోళ్ళ గోల్‌కీపర్ను.
ఇప్పటికీ దాని ముచ్చట తియ్యం.

ఎన్నడూ నేను చూసింది ఆయన వీపునే.
బంతి రాకముందే భుజం తిరిగేది,
ఎవడు ఎటు ఉరుకుతడో దానికి ఎరుక.
తెల్లారి మరాఠీ పేపర్ల
గోలు కొట్టినోని ఫొటో.

మోకాలు పోయినంక దీపాల గదిల ఏసిండ్రు.
రాత్రి పాళీకి కిటికీ ముందట లైను కడతం.
నంబరు అడగడు, తల ఎత్తడు.
ఎవని దీపం వాని చేతికి,
మా నడక ఆగకుండనే.