పదకొండు అక్షరాలు విప్పి

సెప్టెంబరు, ఇంకా పందొమ్మిది ఆటలు మిగిలుండగానే
ప్రెండర్‌గాస్ట్ చొక్కా నా బల్ల మీద పడేశాడు ఆఫీసు కుర్రాడు.
"పేరు తీసెయ్యమన్నారు" అన్నాడు నా మొహం చూడకుండా.
తొంభై ఓటములు.
వీపు మీద పదకొండు ఇంగ్లీషు అక్షరాలు.
బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపుతుంటే
కింద బట్ట ఇంకా కొత్తగానే ఉంది.
ఎండ తగలని చోట
మనిషి పేరు ఆకారంలో ముదురు నీలం.

ఈ ఒక్క బేస్‌బాల్‌లోనే అనుకుంటా
అరవై దాటిన మేనేజరు కూడా కుర్రాళ్ళ బట్టలే వేసుకుంటాడు.
బంతి విసరడు, బ్యాటు పట్టడు,
అయినా ఆ బెల్టూ, ఆ మేజోళ్ళూ, వీపున నంబరూ.
జట్టు ఓడితే ముందు ఊడేది ఆయన చొక్కానే.

అక్షరాలు బిస్కెట్ల డబ్బాలో వేశాను.
పారెయ్యడం మా అమ్మ నేర్పలేదు.

మిగిలిన ఆటలు టబ్స్ నడిపాడు.
పదకొండేళ్ళుగా మూడో బేసు పక్కన నిలబడి
చెవి పట్టుకుని, ముక్కు గీరి, సైగలు చేసే టబ్స్.
పందొమ్మిదిలో పదకొండు గెలిచాడు.
ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

నవంబరులో పైఅంతస్తు ఖాళీ అయింది.
ముప్పై మూడేళ్ళ కొత్త జనరల్ మేనేజరు
గోడ మీది ఫొటోలు దించి పెద్ద తెర పెట్టించాడు.
ముసలి స్కౌట్ ఒసెల్కా కాఫీ కప్పు ఒక్కటే పట్టుకుని
లిఫ్టు వచ్చినా ఎక్కకుండా
మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అప్పుడు మొదలైంది వరస.
విలేకరుల కంట పడకుండా
లాండ్రీ గుమ్మంలోంచి తెచ్చేవాళ్ళు ఒక్కొక్కళ్ళనీ.
నా టేపుకి తెలుసు వాళ్ళందరూ.
ఒకాయన ఊపిరి బిగబట్టి ఛాతీ రెండంగుళాలు పెంచాడు.
ఒకాయన దగ్గర పిప్పరమెంటు వాసన, చేతులు వణుకు.
ఒకాయన నాలుగు ఊళ్ళలో ఇదే కొలత ఇచ్చొచ్చాడట,
టేపు ఎత్తకముందే చేతులు చాపాడు.
ఒకాసియో మాత్రం నా పేరు అడిగాడు.
జెనోవెఫా.
రెండో ప్రయత్నంలో సరిగ్గా పలికాడు.

ఆయనకే ఖాయం అన్నారు. ఆరక్షరాలూ కుట్టేశాను.
మధ్యాహ్నం రేడియోలో చెప్పారు,
పడమటి జట్టు ఎక్కువ డబ్బిచ్చిందట.
రాత్రికి ఆరూ విప్పాను.
డబ్బాలో ఇద్దరు మనుషులు కలిసిపోయారు.

బయట ఈరీ సరస్సు ఒడ్డు నుంచి గడ్డకడుతోంది.
రోజూ సాయంత్రం టబ్స్ కిందికొస్తాడు,
"పేరొచ్చిందా?" అంటాడు,
మంచు పడుతుందా అన్నట్టు.
ఊడని గుండీ చూపించి కుట్టమంటాడు.
కుడతాను.

అతనికి తెలియదు.
టీ, ఎస్ డబ్బాలోనే ఉన్నాయి.
క్రిస్మస్ ముందురోజు, ఎవరూ చెప్పకుండానే,
యూ ఒకటి, బీలు రెండు కత్తిరించి
ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి. ఫ్లోరిడా వెళ్ళే లారీ గుమ్మంలో గుర్రుమంటోంది.
హెల్మెట్లు, బంతులు, పొద్దుతిరుగుడు గింజల బస్తాలు ఎక్కాయి.
అప్పుడు మోగింది ఫోను.
"రో" అన్నారు. "ఆర్, ఓ, ఈ. అర్జెంటు."

ఆ మనిషిని నేను కొలవనే లేదు.
ఆర్, ఈ ప్రెండర్‌గాస్ట్‌వి.
మధ్యలో గుండ్రటి ఓ, ఒకాసియోది.
పావుగంట పని.
ఇంత చిన్న పేరుకి
అంత పొడుగు చలికాలమా!

ఆఖరి పెట్టె టబ్సే ఎత్తాడు లారీలోకి.
"మూడక్షరాలేగా, నీకు పని తగ్గింది" అని నవ్వాడు.
జేబులో బీ అంచు నా వేలికి తగిలింది.
చలికి బిగుసుకున్న ఫెల్టు.

రో గారి పేరు కాస్త వదులుగానే కుట్టాను.
కోపంతో కాదు.
విప్పేటప్పుడు
బట్ట చిరక్కూడదు కదా.