చోడంబలి రంగు

ఆమదాలవలస రైలుగేటు దాటాక ఎడంపక్క రేకుల షెడ్డు.
బానెట్ లేపేసరికి
ఇంజను కన్నా ముందు సనపల ధర్మారావుగారి మొహం కాగిపోతోంది.
"రోజూ నీల్లు పోస్తన్నాను బావూ, ఎల్పోతన్నాయి.
కింద సుక్క పడనేదు. ఎటెల్తన్నాయో తెల్దు."

అరవై ఎనిమిదో మోడల్ అంబాసిడర్.
పెళ్ళికొడుకుల్ని మోసి మోసి
వెనకసీటు ఓ పక్కకి కుంగిపోయింది.

తవిటయ్య మాట్లాడలేదు. డిప్‌స్టిక్ లాగాడు.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
చోడంబలి.
అదే రంగు, అదే జిగట.
"పొద్దుట ఇంట్లో తాగొచ్చిందీ ఇదే."
ఎవరం నవ్వలేదు.

పనిలో చేరి ఎనిమిది నెలలు నాకు.
హెడ్ గాస్కెట్ పోయింది, అన్నాను.
ధర్మారావుగారు నాకేసి చూడలేదు,
తవిటయ్య చూశాడు.
"ఓలె గుంటా, మూత కింద మీగడ సూసి సెప్పీడమేనా?
ఈదిసివరకెల్లి వొచ్చీసే బండికి
ఆవిరి కూడా మీగడ కడతాది.
రేత్రికి వొదిలీ. ముట్టుకోకు."

నూనే నీళ్ళూ కలవవంటారు గానీ
నాలుగు పిస్టన్లు పట్టుబట్టి చిలికితే
ఎందుకు కలవవు?
చిలకడం ఆపాలి, అంతే.
ఆ రాత్రి పలాస వైపు గూడ్సులు వెళ్తూనే ఉన్నాయి,
షెడ్డు రేకులు వణుకుతూనే ఉన్నాయి,
ఆయిల్ పాన్‌లో బరువైనది మెల్లగా కిందికి దిగుతోందని
నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి అడుగు బోల్టు వదులు చేశాను.
ముందు రావలసింది నూనె.
నీళ్ళొచ్చాయి.
లేత పచ్చగా, కిందటి నెల పోయించిన కూలెంట్ రంగు,
స్టీలుగ్లాసు నిండి ఇంకా కాస్త.
ఆ వెనక, బద్ధకంగా, అంబలి.

ప్లగ్గులు విప్పి పాత పేపరు మీద వరసగా పెట్టాం.
మూడు మసి.
మూడో నంబరుది మాత్రం
ఇసకేసి తోమిన గిన్నెలా తళతళలాడుతోంది.
రేడియేటర్‌కి పంపు తగిలించి గాలి కొడుతుంటే
ముల్లు నిలబడదు, జారిపోతోంది.
టార్చి వేసి మూడో కన్నంలోకి చూశాను.
పిస్టన్ నెత్తిన చెమటబొట్టులాంటి నీటిబొట్టు,
చూస్తుండగానే పెద్దదవుతోంది.

"గాస్కెట్టే," అన్నాను. "నిన్ననే చెప్పాను."

"సెప్పినావు. నిన్న నీకు తెల్దు. ఇయాల తెలిసింది."

అప్పుడు ఒప్పుకున్నారు ధర్మారావుగారు,
చిలకపాలెం దగ్గర ముల్లు ఎర్రగీత దాటినా
ముహూర్తం మించిపోతుందని ఆపకుండా తోలారట.
"బేరింగులు కూడా సూడాల. అంబలి మీద తిరిగినాయి గదా,"
అన్నాడు తవిటయ్య, హెడ్ బోల్టులకి పానా అందుకుంటూ.
"గురువారానికి లగ్గం ఉందమ్మా," అన్నారాయన.
ఈసారి నాతోనే.

మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తే
మళ్ళీ అదే.
తవిటయ్యా నేనూ ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.
ఉల్లిపాయ కొరుక్కుని
తాగేశాం.